మాట వినపడే దూరం

మేడమ్ పోయారని ఫోన్ వచ్చిన పొద్దున నేను వంటింటి గడప మీదే కూలబడి ఏడ్చాను. అమ్మ స్టవ్ మంట తగ్గించింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. దగ్గరికి వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. అక్కడి నుంచే అన్నది: "మీ నానమ్మ పోయిననాడు నీ కంట్ల ఒక్క చుక్క రాలలే. గిప్పుడు ఎవరో పరాయామె పోతే గింత ఏడుపు ఏడికెళ్ళి వచ్చిందే?"

బాపు అప్పుడే స్నానం చేసి వచ్చాడు. సంగతి విని, "పాపం, పెద్దామెనే గదా" అన్నాడు. తల తుడుచుకుంటూ, ఓదార్పు అనుకునే అన్నాడు: "పోనీ తియ్. ఇంకనన్న ఆదివారాలు ఇంటిపట్టున ఉంటవ్."

వాళ్ళిద్దరి మీదా నాకు కోపం రాలేదని రాస్తే అది అబద్ధం. వారాసిగూడలో మా ఇంట్లో నాకొక పేరుంది. రాయి. "రాయి లేచిందా?" "రాయికి చాయ్ పొయ్యి." ముద్దుగానే అంటారు. కానీ ఆ పేరు పుట్టింది మాత్రం నానమ్మ చావు దగ్గర.

ఆ రోజు ఊళ్ళో నానమ్మను వాకిట్లో పడుకోబెట్టాక అందరూ ఆమె మొహం మీద పడి ఏడుస్తున్నారు. నాకు అక్కడ చోటు దొరకలేదు. చేతుల దగ్గర కూర్చున్నాను. పత్తి ఏరి ఏరి గోళ్ళ పక్కన చీలిన వేళ్ళు. మణికట్టు మీద పాలిపోయిన పచ్చబొట్టు. గాజులు అరిగించిన చోట నున్నగా మెరిసే చర్మం. ఇంకాసేపట్లో వాటి మీద పసుపు రాస్తారు, బట్ట కప్పుతారు, ఇక ఆ చేతులు ఎవరికీ కనపడవు. కెమెరా తీసి ఆ చేతులను తీశాను. మా పెద్దత్త చూసింది. "చావుల గూడ ఫోటోలానే? నీది గుండెనా, రాయా?" అన్నది, వాకిలంతా వినేటట్టు. గొంతు దాకా వచ్చిన ఏడుపు అక్కడే ఆగిపోయింది. మేడమ్ పోయిన పొద్దున దాకా మళ్ళీ ఇంట్లో ఎవరి ముందూ రాలేదు. "ఆ ఫోటోలు డిలీట్ కొట్టు బిడ్డా, మంచిది కాదు" అన్నాడు బాపు. సరేనన్నాను. కొట్టలేదు.

అప్పటి నుంచి నేను మనుషులను ఫోటో తీయడం మానేశాను. చెట్లు, గోడలు, మెట్లు, బస్టాపుల్లో ఖాళీ బెంచీలు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ గమనించలేదు. గమనించింది మేడమ్. అప్పటికే చూపు పోతున్న మేడమ్.

ఆమె నాకు క్లాసులో పాఠం చెప్పలేదు. యూనివర్సిటీలో జర్నలిజం పిల్లలకు ఏళ్ళ తరబడి ఫోటోగ్రఫీ చెప్పి, నేను ఎంఏలో చేరేనాటికే రిటైరయ్యారు. ఇల్లు తార్నాకలో, మెయిన్ రోడ్డు హోరు సన్నగా వినపడే ఒక గల్లీలో, పాత అపార్టుమెంటు పై అంతస్తులో. ఒంటరి మనిషి. ఆదివారం తెల్లవారగానే ఆటోలో క్యాంపస్‌కు వచ్చి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎండ ఆలస్యంగా పడే పక్కన ఒక గళ్ళ దుప్పటి పరిచేవారు. వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఆమె ఏదో అమ్ముతున్నదనుకుని ఆగి చూసేవాళ్ళు. వాళ్ళ తప్పు కాదు. దుప్పటి మీద లెన్సులు, ఫ్లాష్‌లు, బ్యాటరీలు, ఒక కాలు సగం విరిగిన ట్రైపాడు సంతలో సరుకులా పరిచి ఉండేవి.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నా కెమెరాను సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న కెమెరా. దుప్పటి మీద పెట్టబుద్ధి కాలేదు. అక్కడ రామంతాపూర్ నుంచి వచ్చే ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. అందరికీ అన్న. నన్ను ఎగాదిగా చూసి అన్నాడు: "మేడమ్, ఈ పిల్ల కెమెరాను చంటిపిల్ల లెక్క పట్టుకున్నది. జర ఆగితే జోల గూడ పాడ్తది."

అందరూ నవ్వారు. మేడమ్ తల పక్కకు తిప్పి, నన్ను కాక నా భుజం అవతలి స్తంభాన్ని చూస్తున్నట్టుగా చూసి, "పెట్టు బిడ్డా. ఎవ్వరు తినరు" అన్నారు.

అక్కడి పద్ధతి అది. ఎవరు తెచ్చింది వాళ్ళు దుప్పటి మీద పెట్టాలి. తీసుకునేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకోకూడదు. అన్న పెళ్ళిళ్ళలో వాడే బరువైన లెన్సు ఒక ఉదయం నా చేతికి వచ్చింది. నా చిన్న కెమెరాతో అన్న ఆ పొద్దంతా చీమలను తీశాడు. అడిక్‌మెట్‌లో రూము తీసుకుని పోటీ పరీక్షలకు చదివే ఒక తమ్ముడు ఉండేవాడు. అతనికి పక్షుల పిచ్చి. దూరాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్సు మా అందరిలో ఒక్కరి దగ్గరే ఉండేది. అది ఎప్పుడు దుప్పటి మీదికి వచ్చినా చేతులు చాపకుండా అందరం అతని వైపే చూసేవాళ్ళం. ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు.

చేతులు మారే వస్తువు కాబట్టి ఇంకో పద్ధతి కూడా ఉండేది. కెమెరా తిరిగి ఇచ్చేటప్పుడు నువ్వు మార్చినవన్నీ మొదటికి తెచ్చి ఇవ్వాలి. దీనికి మేడమ్ పెట్టిన పేరు 'సున్నా చేయడం'. ఎందుకో అన్న తన కథతోనే చెప్పేవాడు. కొత్తగా పనిలోకి వచ్చిన రోజుల్లో దోస్తు కెమెరా అడిగి తెచ్చుకున్నాడట. ఆ దోస్తు ముందురోజు చీకటి హాల్లో రిసెప్షన్ తీసి, ఐఎస్ఓ ఎక్కడో పైన పెట్టి అట్లాగే వదిలేశాడు. అంటే చీకట్లో కూడా కనపడేటట్టు, ఉన్న కాస్త వెలుతురునే ఎన్నో రెట్లు చేసి చూపేలా పెట్టి వదిలేశాడన్నమాట. అన్న చూసుకోకుండా మిట్టమధ్యాహ్నం ఆరుబయట పెళ్ళి తీశాడు.

"జీలకర్ర బెల్లం అయింది, తాళి అయింది, తలంబ్రాలు అయినయ్. ఇంటికొచ్చి చూస్తే అన్నీ తెల్లగ! పెండ్లికూతురేదో సున్నం గోడేదో తెలుస్తలేదు."

"మరి వాళ్ళకేం చెప్పినవ్ అన్నా?"

"దేవుని వెలుగు పడ్డది అన్న."

"నమ్మిన్రా?"

"పిల్లగాని నాయిన నమ్మిండు. పిల్ల తల్లి చెప్పు తీసింది."

ఈ కథ మేమందరం ఎన్నోసార్లు విన్నాం. విన్నప్పుడల్లా మేడమ్ చివర నవ్వేవారు, అందరి నవ్వూ ఆగాక. తర్వాత ఒకే మాట అనేవారు: "మీ వెలుతురు ఇంకొకరికి అంటగట్టకుండ్రి. సున్నా చేసి ఇయ్యుండ్రి."

ఎండ మెట్ల మీదికి ఎక్కేసరికి అందరం తిరిగి వచ్చి దుప్పటి చుట్టూ కూర్చునేవాళ్ళం. అప్పుడు మొదలయ్యేది అసలు పని. తీసిన ఫోటో చూపించకూడదు. ముందు చెప్పాలి. కెమెరా వెనక తెర మీద అరచెయ్యి మూసి పెట్టుకుని, ఎక్కడ నిలబడ్డావు, వెలుతురు ఎటు నుంచి వచ్చింది, ఏది లోపల పెట్టావు, ఏది బయట వదిలేశావు, అన్నీ మాటల్లో చెప్పాలి. మేడమ్‌కు బొమ్మ కట్టిందనిపించాకే చెయ్యి తీయాలి.

అడిక్‌మెట్ తమ్ముడికి ఇది పెద్ద శిక్ష. "నెమలి ఉన్నది మేడమ్" అని ఆగిపోయేవాడు.

"నెమలి ఉన్నదని అది అరుస్తెనే తెలిసింది. నువ్వు యాడ ఉన్నవ్?"

"పొదల వెనుక."

"పొద ఫోటోల ఉన్నదా?"

"...లేదు మేడమ్."

"మరి నువ్వు దాసుకున్న సంగతి దాసిపెట్టినవ్. అసలు ఫోటో అదే, అది పోయింది."

ఈ చెప్పించే పద్ధతి ముందు వచ్చిందో, ఆమె కంట్లో మచ్చ ముందు వచ్చిందో నాకు తెలియదు. అడగలేదు. చూపు నడిమధ్యన పడింది ఆ మచ్చ. పక్కలు కనపడతాయి, ఎదురుగా ఉన్నది కనపడదు. ఒకసారి తనే చెప్పారు, ఉప్పు తక్కువైన కూర గురించి చెప్పినంత మామూలుగా: "ఎవరి మొఖం చూద్దామన్నా మొఖమే పోతది బిడ్డా. చెవులు మిగుల్తయ్." మనిషిని కాస్తయినా చూడాలంటే తల పక్కకు తిప్పుకోవాలి. తెలియనివాళ్ళకు అది మొహం తిప్పుకున్నట్టుండేది. ఆ అపార్టుమెంటులో ఆమెకు పొగరని పేరు.

చూపు తగ్గాక దుప్పటి మీది వస్తువులను ఆమె ఇంట్లో దాచడం, తీసుకురావడం నా పని అయింది. మన ఊరిలాంటి చోట వానాకాలం లెన్సు లోపలి అద్దానికి బూజు పడుతుంది, సాలెగూడులా సన్నగా. ఒకసారి పడితే పోదు. అందుకని మేడమ్ ఇంట్లో ఒక పెద్ద స్టీలు బియ్యం డబ్బాలో లెన్సులన్నీ ఉండేవి, మధ్య మధ్య తేమ పీల్చే చిన్న తెల్ల పొట్లాలు. కొత్త చెప్పులు కొంటే డబ్బాలో వస్తాయే, ఆ పొట్లాలు. వాటిని మేమందరం ఏరి తెచ్చేవాళ్ళం. ఒకరోజు అమ్మ నా సంచిలో గుప్పెడు పొట్లాలు చూసింది. వాటి మీద తినరాదని రాసి ఉంటుంది కదా. ఆ సాయంత్రం అమ్మ నన్ను గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి అడిగింది: "ఏమన్న కష్టమున్నదా బిడ్డా నీకు? నాకు చెప్పు. ఇసొంటివి దగ్గర పెట్టుకోకు." లెన్సులకని చెప్పాను. నమ్మలేదు. ఆ వారమంతా నా సంచి వెతికింది. నా గురించి మా ఇంట్లో భయం కూడా తప్పుదారిలోనే వస్తుంది.

మేడమ్ ఒళ్ళో ఎప్పుడూ ఆమె పాత కెమెరా ఉండేది. దాన్ని మాత్రం దుప్పటి మీద పెట్టేవారు కాదు. పాడైందని మేమే అనుకున్నాం, ఎందుకంటే లెన్సు రింగు మీద చర్మం రంగు ప్లాస్టరు ముక్క అంటించి ఉండేది, దెబ్బకు వేసుకునే ప్లాస్టరు. పగిలిన రింగును అట్లా పట్టి ఉంచారనుకున్నాం. ఎవరైనా మాట్లాడుతుంటే ఆమె వేలు ఆ ప్లాస్టరు మీద తిరిగేది. మధ్యలో టిక్కుమని బటన్ నొక్కేవారు. మళ్ళీ కాసేపటికి టిక్కు. కొందరు కూర్చుని బాల్‌పెన్ను నొక్కుతుంటారే, అట్లా. ఖాళీ నొక్కుడు అనుకున్నాం. ఇన్నాళ్ళు కెమెరాలతో బతికిన మేము, ఆ చప్పుడు వినపడితే తల తిప్పి చూసే మేము, ఆమె ఒళ్ళోంచి వచ్చే చప్పుడును మాత్రం ఇంట్లో ఫ్యాన్ చప్పుడులా వినకుండా వదిలేశాం.

నిరుడు వానల్లో ఒక మధ్యాహ్నం లెన్సులు డబ్బాలో సర్దడానికి తార్నాక వెళ్ళాను. కరెంటు లేదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను ఎదురుగా నేల మీద కూర్చుని లెన్సులు తుడుస్తున్నాను. ఏ ముందుమాటా లేకుండా అడిగారు:

"నువ్వు మనిషిని ఎందుకు తీస్తలేవు?"

"తీస్తున్న కదా మేడమ్."

"ఎన్నో ఆదివారాల సంది నువ్వు చెప్పిన ఫోటోలల్ల ఒక్క మనిషి లేడు. బెంచీ ఉంటది, కూసున్నోళ్ళు లేచిపోయి ఉంటరు. చెప్పు."

నానమ్మ సంగతి చెప్పాను. అత్త అన్నది చెప్పాను. ఇంట్లో నా పేరు చెప్పాను.

"అవన్ని పక్కకు పెట్టు. ఫోటో చెప్పు."

కెమెరాలోంచి ఫోన్‌లోకి ఎక్కించి దాచుకున్న ఆ ఫోటో తీసి, పద్ధతి ప్రకారం అరచెయ్యి మూసి, చెప్పడం మొదలుపెట్టాను. వెలుతురు పందిరి సందుల్లోంచి, కుడి పక్క నుంచి. నేను మోకాళ్ళ మీద. చేతులు రెండూ కడుపు మీద, ఎడమది పైన. బొటనవేలి గోరు నల్లగా, ఎప్పుడో తలుపు సందులో పడి చితికింది. ఆ చేత్తోనే నాకు జడ వేసేది, గోరు ఎప్పుడూ వెంట్రుకల్లో ఇరుక్కునేది, నేను అరిచేదాన్ని. అది ఫోటోలో లేదు. బయట వదిలేసింది చెప్పమన్నారు కాబట్టి చెప్పాను. బయట వదిలేసింది అదే, ఇంకా మొహం, ఇంకా చుట్టూ ఏడుస్తున్నవాళ్ళు.

చెప్తూ చెప్తూ ఉండగా కళ్ళలోంచి కారడం మొదలైంది. తుడుచుకోలేదు. తుడుచుకుంటే కదలిక ఆమెకు తెలుస్తుందని. గొంతు పట్టి ఉంచాను. ఆమెకు చూపు లేకపోవడం మంచిదైంది అని కూడా అనుకున్నాను. ఆమె వేలు ప్లాస్టరు మీద తిరుగుతున్నది. టిక్కు. వాన. టిక్కు.

ఆపాక అరచెయ్యి తీసి ఫోన్ చూపించబోతే వద్దన్నారు. "నాకు కనపడ్డయ్ ఆ చేతులు." తర్వాత అన్నారు: "దూరంకెళ్ళి తీస్తే అందరు మంచోళ్ళే. దగ్గరికి పోయినోళ్ళనే అంటరు. అదొక్కటి ప్రింటు కొట్టించి గోడకు పెట్టు."

"ఇంట్ల ఊకోరు మేడమ్."

"నేను నిన్ను అడిగిన. ఇంటిని అడగలే."

మా హాల్లో నానమ్మ పటం ఒకటి ఉంది. గుర్తింపు కార్డులోంచి స్టూడియోవాళ్ళు పెద్దది చేసి, వెనకాల ఆకాశం రంగు వేసి, మొహం తెల్లగా రుద్ది, ఎన్నడూ కట్టని పట్టుచీర కట్టించారు. అమ్మ రోజూ దానికి దండం పెట్టుకుంటుంది. అందులో ఉన్నామె ఎవరో నాకు తెలియదు. ఆమెకు చేతులు లేవు, భుజాల దగ్గర పటం అయిపోతుంది. దాని పక్కన ఆ చేతులు పెట్టడమంటే మా ఇంట్లో మళ్ళీ ఒక చావు తెచ్చినంత పని.

ఆ తర్వాత కలిసినప్పుడల్లా మేడమ్ అడిగేవారు. "పెట్టినవా?" లేదు మేడమ్. ఆమె కోప్పడరు, బతిమాలరు. వచ్చే ఆదివారం మళ్ళీ అదే: "పెట్టినవా?" చివరిసారి ఆటో ఎక్కుతూ అడిగారు. శాలువా మెడకు చుట్టుకుని ఉన్నారు, దగ్గు వస్తున్నది. "చలి తగ్గినంక పెడ్తా మేడమ్" అన్నాను. చలికీ గోడకు కొట్టే మేకుకూ సంబంధం ఏమిటో నాకూ తెలియదు. ఆటో కదిలాక నవ్వు వినపడింది.

పోయిన రోజు అపార్టుమెంటు కింద పార్కింగులో ఐస్ బాక్సులో పెట్టారు. ఆదివారం కాకపోయినా మేమందరం కెమెరా సంచులతోనే వెళ్ళాం. అలవాటు. భుజానికి సంచి లేకపోతే ఆమె ముందుకు ఎట్లా వెళ్ళాలో తెలియనట్టు. ఎవరమూ బయటికి తీయలేదు. మేడమ్ చెల్లెలు ఊరి నుంచి వచ్చింది, నెమ్మదైన మనిషి. మా దగ్గరికి వచ్చి అడిగింది: "మీరందరు అక్క దగ్గర ఫోటోలు నేర్చుకున్నోళ్ళే గదా. అక్కది మంచి ఫోటో ఒకటి ఇయ్యుండ్రి బిడ్డా, పటం కట్టిద్దాం."

అన్న ఫోన్ తీసి పైకీ కిందికీ జరిపాడు. తమ్ముడి దగ్గర నెమళ్ళున్నాయి. నా దగ్గర మెట్లున్నాయి, దుప్పటి ఉంది, ఒక చోట ఆమె చెప్పులున్నాయి. ఆమె లేరు. ఎవరి దగ్గరా లేరు. అందరం చూసుకోవాల్సిన మనిషి మా మధ్యలోనే కూర్చుని ఉంటే, అందరం చుట్టూ బయటికే చూశాం. చివరికి పాత గుర్తింపు కార్డులోంచే పెద్దది చేయించారు. వెనకాల నీలం రంగు.

పక్క ఫ్లాటు ఆంటీ నా పక్కన నిలబడి, "మంచిదే గానీ, జర పొగరు. మొఖం చూసి మాట్లాడకపోతుండె" అన్నది.

"ఆమెకు మొఖాలు కనపడకపోతుండె ఆంటీ" అన్నాను.

"అట్లనా? మాకెప్పుడు చెప్పలేదే" అన్నది ఆంటీ. నిజంగానే నొచ్చుకున్నది.

కర్మకాండ అంతా అయ్యాక చెల్లెలు ఫోన్ చేసి పిలిచింది. ఇల్లు ఖాళీ చేస్తున్నది. బియ్యం డబ్బా నా ముందు పెట్టింది. "ఇది మీకే ఇయ్యమన్నది అక్క. ఈ కెమెరా గూడ తీస్కపో బిడ్డా. ఖరాబైనదాన్ని ఒళ్ళెనే పెట్టుకుంటుండె, ఎందుకో."

నాతో వచ్చిన అన్నకు డబ్బా అప్పగించాను, కెమెరాతో క్యాంపస్‌కు నడిచాను. మధ్యాహ్నం, మెట్ల మీద ఎవరూ లేరు. ఊరికే మీట జరిపి చూశాను. వెలిగింది.

సున్నా చేసి లేదు. మాకందరికీ సున్నా నేర్పిన మనిషి తన కెమెరాను ఉన్నది ఉన్నట్టు వదిలి వెళ్ళారు. లెన్సు పూర్తిగా తెరిచి ఉంది. ఫోకస్ చేత్తో తిప్పేదిగా పెట్టి ఉంది. ప్లాస్టరు రింగు పగిలినందుకు వేసింది కాదు. కళ్ళు మూసుకుని వేలు పెట్టి చూశాను. ప్లాస్టరు అంచు వేలికి తగిలే చోట రింగు ఆపితే, ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి సరిగ్గా ఫోకస్‌లోకి వస్తారు. అంతకన్నా దగ్గర కాదు, దూరం కాదు. మాట వినపడే దూరం.

లోపల మెమరీ కార్డు ఉంది. నిండా మేము. చాలావరకు చెడిపోయినవే. గడ్డాలు, చెవులు, స్తంభం, ఆకాశం. మధ్యలో ఎక్కడో ఒకటి: పెళ్ళికథ చెప్తూ అన్న నోరు, పళ్ళన్నీ. నెమలి మెడ ఎట్లా తిప్పిందో చూపిస్తున్న తమ్ముడి చెయ్యి. గొంతు వచ్చిన వైపు ఒడిలోంచే కెమెరా తిప్పి నొక్కినవి. వెనక్కి జరుపుతూ పోయాను. వానరోజు వచ్చింది.

సగం మొహం. నాదే. కిటికీ వెలుతురు ఎడమ నుంచి. మిగతా సగం చట్రం బయట. మాట మధ్యలో తెరుచుకున్న నోరు, ఒక కన్ను, చెంప మీద తడి, గడ్డం అంచున రాలబోతూ ఆగిన చుక్క. ఫోకస్ ఆ చుక్క మీద ఉంది.

ఆమె విని తీశారో, తెలిసి తీశారో ఇక అడగలేను. ఆ తర్వాత అన్ని ఆదివారాలు కలిశాం, ఒక్కసారి కూడా చెప్పలేదు. అడిగింది ఒకటే. పెట్టినవా?

ఇంటికి నడుస్తుంటే దారంతా ఒకటే ఆలోచన. అమ్మకు చూపిస్తే చాలు. అత్తకు పంపితే చాలు. ఇదిగో, నానమ్మ కోసమే, ఇదిగో చుక్క. రాయి అన్న పేరు ఆ రాత్రికే పోతుంది. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి అమ్మ బియ్యం ఏరుతున్నది. "తిన్నవా?" అన్నది తల ఎత్తకుండా. "మొఖం గట్లున్నదేంది? ఇంక ఆ ముసలామె గురించేనా?" కెమెరా సంచిలోనే ఉంది, చెయ్యి సంచి మీదే ఉంది. "తిన్న" అన్నాను.

ఆ ఫోటో ఇంట్లో ఎవరికీ చూపించను. నేను ఏడ్చానని రుజువు పెట్టుకోను. రాయి అంటే అననీ.

నానమ్మ చేతులను పెద్దది చేయించాను. తెచ్చి మంచం వెనక గోడకు ఆనించాను. శనివారం అందరూ ఇంట్లో ఉండగానే హాల్లో ఆమె నీలం పటం పక్కన మేకు కొడతాను. బాపు వద్దంటాడు. అయినా కొడతాను.

ఆదివారం క్యాంపస్‌కు వెళ్తాను. గళ్ళ దుప్పటి నేనే పరుస్తాను. మేడమ్ కెమెరా ఈసారి అందరి వాటితో పాటు దుప్పటి మీద ఉంటుంది. అన్నీ సున్నా చేశాను. రింగు మీది ప్లాస్టరు మాత్రం పీకలేదు, పీకను. అంచు నల్లబడి, ఆమె వేలు తిరిగిన చోట నున్నగా అరిగి ఉంది.